హాజరు పిలుపు

మా యానాది గూడేల్లో పొద్దుగూకాక రోడ్డు మీద జీపు ఆగిందంటే ముందు కుక్కలు లేస్తాయి, వాటి వెనకే ముసలివాళ్ళు లేస్తారు. ‘‘ఎందుకు లేస్తావవ్వా, నిన్నెవరు పిలిచారు?’’ అంటే జవాబుండదు. గుండె మీద చెయ్యేసుకుని కాసేపు కూర్చుంటుంది. జీపు పోయినా ఆ రాత్రికి నిద్ర రాదు. ఆ చెయ్యి గుండె మీదికి ఎందుకు పోతుందో తెలియాలంటే మా జిల్లా చరిత్రలోకి పోవాలి.

1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. మొదట ఉత్తరాదిన అమలైంది, 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. మనిషి చేసిన పనిని కాక పుట్టిన కులాన్ని చూసి రిజిస్టరులోకి ఎక్కించే చట్టమది. పేరు ఎక్కినవాడు వేలిముద్రలివ్వాలి, చెప్పిన వేళకు వచ్చి హాజరు పలకాలి, ఊరు దాటితే చెప్పి దాటాలి. నెల్లూరు జిల్లాలోనే కావలిలో, బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలో సెటిల్‌మెంట్లు వెలిశాయి. యానాదుల్లోనూ కొందరికి ‘దొంగ’ అన్న మాటను ఇంటిపేరులాగా తగిలించారు. కాలవల్లో చేపలు, గట్ల మీద ఎలుకలు పట్టుకుని బతికేవాళ్ళకు ఆ పేరు! మద్రాసు ప్రభుత్వం 1947లోనే ఆ చట్టాన్ని తీసేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. కానీ ఈలోపే, 1948లో, అలవాటు నేరస్థుల మీద మద్రాసులో ఇంకో చట్టం వచ్చింది. చింత చచ్చినా పులుపు చావదంటారే, అదీ సంగతి. మా కోసం ఏళ్ళ తరబడి పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారికి 1973లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన పేరు కూడా మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఇక ఒంటి సంగతి. గట్టు మీద పాము పడగెత్తిందనుకోండి. మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చున్న గ్రంథులు అడ్రినలిన్‌ను, ఆ వెనకే కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, చక్కెర రక్తంలోకి వస్తుంది, ఆకలి ఆగిపోతుంది. పాము పోతే అన్నీ సర్దుకుంటాయి. అది ఒంటికున్న తెలివి. పాము పోకుండా ఏళ్ళ తరబడి గుమ్మంలోనే ఉంటే? హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లో ఎలుకల మీద ప్రయోగాలు చేసి చూపించాడు: కష్టం ఏదైనా కానీ, తెరిపి లేకపోతే గ్రంథులు ఉబ్బుతాయి, కడుపులో పుండ్లు పడతాయి. తర్వాత పరిశోధనలు ఇంకా లోతుకు పోయాయి. ఎడతెగని ఒత్తిడి రక్తపోటును, చక్కెరను పెంచుతుంది, రోగాన్ని ఆపే శక్తిని తగ్గిస్తుంది, నిద్రను, జ్ఞాపకాన్ని చెడగొడుతుంది, దిగులును ముదరబెడుతుంది. మనోవ్యాధికి మందు లేదని సామెత ఉంది. మనోవ్యాధి ఒంటివ్యాధిగా మారుతుందని ఆ సామెత చెప్పలేదు.

చట్టం పోయాక మాకు తెరిపి దొరికిందా? పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న శ్రీహరికోటలో మావాళ్ళు అడవి మీద బతికేవాళ్ళు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ లేచింది. దేశానికది గొప్ప రోజే, మేమూ కాదనం. కానీ ఏ వేరు ఏ జబ్బుకో తెలిసిన మనుషులు ఇవతలి ఒడ్డుకొచ్చి కూలికి నిలబడ్డారు.

1990ల్లో తీరమంతా రొయ్యల గుంటలు లేచాయి. అడ్వాన్సు తీసుకున్న కుటుంబం గుంట గట్టు మీద గుడిసెలో కాపలా ఉంటుంది. రాత్రంతా మెలకువే. రొయ్య చచ్చినా, వల పోయినా మాట పడేది కాపలావాడే. వెట్టిచాకిరి 1976 చట్టంతో రద్దయింది, నిజమే. అడ్వాన్సు అన్న మాట మాత్రం రద్దు కాలేదు. అందులో ఒకడు సాయంత్రం తాగితే ‘యానాదోళ్ళింతే’ అని లోకం తేల్చేస్తుంది. ఎన్ని రాత్రులు నిద్ర లేదో ఎవరూ అడగరు.

అన్ని జబ్బులూ ఒత్తిడి వల్లే అని మేము అనడం లేదు. క్షయకు క్రిమి ఉంది, దానికి తోడు ఆకలీ ఇరుకు గుడిసే ఉన్నాయి. మాత్రలు మింగాల్సిందే. కానీ ముప్పై ఐదేళ్ళకే తలనొప్పి, దడ అంటున్నవాడికి ముందు బీపీ చూపించండి. మనసు బరువెక్కినవాళ్ళు 14416కి ఫోన్ చేయొచ్చు, టెలి మానస్ అంటారు, డబ్బు పడదు.

అయ్యవార్లకు ఒక మాట. బడిలో హాజరు పిలిచేటప్పుడు వెనక వరసలో ఒక పిల్ల ఉలిక్కిపడి, పలకకుండా తల దించుకోవచ్చు. మొద్దని రాసుకోకండి. రాత్రి ఆ పిల్ల గుంట గట్టు మీద టార్చి పట్టుకుని తిరిగిందేమో అడగండి.

కప్పరాళ్ళతిప్ప లాంటి చోట్ల హాజరు పలికిన తరం దాదాపు వెళ్ళిపోయింది. వాళ్ళ ఒళ్ళో పెరిగినవాళ్ళు డెబ్బై దాటి ఇంకా ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లో ఒక నోటుపుస్తకం తీసుకుని వాళ్ళ దగ్గర కూర్చోండి. చట్టం సంగతి అడగొద్దు. రాత్రి నిద్ర పడుతోందా తాతా అని అడగండి. చట్టం దానంతటదే వస్తుంది.