ఫైర్ టెంపుల్ లో పాడిందెవరు?

వీడియో గేముల చరిత్రలో నాకు బాగా నచ్చే డిటెక్టివ్ కథ ఒకటుంది. అందులో హత్య లేదు, దొంగతనం లేదు. ఒక గొంతు ఉంది. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎందుకు మాయమైంది అన్నదే కథ. బగ్ ట్రాకర్లూ, బిల్డ్ నంబర్లతో రోజూ కుస్తీ పట్టే మన జాతికి ఇది ఇంకాస్త బాగా నచ్చుతుంది, ఎందుకంటే చివరికి కేసు తేల్చింది ఒక టైమ్ స్టాంపు :)

గేము పేరు 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: అకరీనా ఆఫ్ టైమ్'. నింటెండో 64 కోసం 1998 నవంబర్ 21న జపాన్ లో, రెండ్రోజుల తర్వాత అమెరికాలో విడుదలయ్యింది. సంగీతం కోజీ కోండో. మారియో ట్యూన్లు చేసినాయనే. ఇందులో ఫైర్ టెంపుల్ అని ఒక ఘట్టం ఉంటుంది. లావా, రాతి గుహలు, వెనకాల లోతైన మగ గొంతుల్లో ఏదో జపం లాంటి పాట. మొదట్లో వచ్చిన కార్ట్రిడ్జిలు ఆడినవాళ్ళకి ఆ గొంతు గుర్తుంటుంది. తర్వాత కొన్నవాళ్ళకి అదే చోట సింథసైజర్ కోరస్ లాంటిది తప్ప ఆ గొంతు వినపడదు.

ఆ గొంతు పాడింది ఇస్లాం ప్రార్థనకి సంబంధించిన అరబిక్ మాటలు.

ఇక పుకార్లు మొదలయ్యాయి. "ముస్లింలు గొడవ చేశారట, నింటెండో భయపడి తీసేసిందట" అన్న కథ ఏళ్ళ తరబడి నెట్ లో తిరిగింది. వినగానే నమ్మబుద్ధయ్యే కథే. మనోభావాలు దెబ్బతిన్నాయనీ, ఎవరో కేసు పెట్టారనీ, సీను కత్తిరించారనీ మనం వారానికొకటి వింటూనే ఉంటాం కదా. మన బుర్రలో ఆ ఫార్మాట్ ముందే ఇన్‌స్టాల్ అయ్యి ఉంది.

కానీ ఈ కథ అబద్ధం. ఎలాగో చెప్తాను.

అమెరికా, జపాన్ మార్కెట్లకి ఈ గేము మూడు వెర్షన్లుగా వచ్చింది: 1.0, 1.1, 1.2. మొదటి రెండిట్లో ఆ గొంతు ఉంది, మూడోదాంట్లో లేదు. ప్రతి ROM లోపలా బిల్డ్ చేసిన తేదీ రాసి ఉంటుంది. మనం రిలీజు బిల్డుకి స్టాంపు కొడతామే, అలాగే. 1.0 తేదీ 1998 అక్టోబర్ 21. 1.1 తేదీ అక్టోబర్ 26. గొంతు తీసేసిన 1.2 తేదీ నవంబర్ 12.

గేము దుకాణాల్లోకి వచ్చిందేమో నవంబర్ 21న!

అంటే జనం చేతికి గేము రావడానికి తొమ్మిది రోజుల ముందే ఆ గొంతు పోయింది. గేము ఇంకా ఎవరూ కొననే లేదు, గొడవ చేసేదెవరు? కంపెనీ లోపలే ఎవరో విన్నారు, ఆపారు, మార్చారు. ఆటల్లో మత సంబంధమైనవి ఉండకూడదని నింటెండోకి, ముఖ్యంగా దాని అమెరికా శాఖకి, అప్పటికే గట్టి నియమం ఉండేది. సమాధుల మీద శిలువ బొమ్మల్ని కూడా ఆ రోజుల్లో చెరిపేసేవాళ్ళు. ఈ మార్పు ఆ లైన్లోదే. నెలవంకా నక్షత్రమూ ఉన్న ఒక గుర్తు కూడా ఇదే గేములో ఉండేది, తర్వాతి విడుదలల్లో దాన్నీ మార్చేశారు.

మరి ముందే తీసేస్తే పాత వెర్షన్లు జనంలోకి ఎలా వెళ్ళాయి? అది కార్ట్రిడ్జి మహిమ. కార్ట్రిడ్జి అంటే మాస్క్ ROM, డేటా చిప్పు తయారీలోనే అచ్చయిపోతుంది. ఒకసారి ఫ్యాక్టరీకి పంపాక ప్యాచ్ లేదు, హాట్‌ఫిక్స్ లేదు. పండగ సీజనుకి లక్షల్లో కార్ట్రిడ్జిలు కావాలంటే ముందే అచ్చు మొదలెట్టాలి. అందుకే అచ్చయినవి అచ్చయినట్టే అమ్ముడుపోయాయి, సరిచేసినవి వెనక బ్యాచ్ లో వచ్చాయి. ఒకే అల్మరాలో ఒకే అట్టపెట్టెలో రెండు వేరువేరు సంగీతాలు!

సరే, ఎందుకు మాయమైందో తేలింది. అసలు ఎక్కణ్ణుంచి వచ్చింది? కోండో గారు ఏ మసీదుకో వెళ్ళి రికార్డు చేసుకు రాలేదు. సంగీత దర్శకుల కోసం అమ్మే ఒక శాంపిల్ సీడీలోంచి తీసుకున్నారు. ఈ సీడీల సంగతి తెలియనివాళ్ళకి కాస్త వివరంగా చెప్తాను. నింటెండో 64లో విడిగా సౌండ్ చిప్పు లేదు. చిన్నచిన్న రికార్డింగు ముక్కల్ని కుదించి కార్ట్రిడ్జిలో దాచుకుని, ఏ ముక్కని ఎప్పుడు ఏ శ్రుతిలో వాయించాలో ఒక సీక్వెన్సు ద్వారా చెప్తారు. ఈ గేము మొత్తం, బొమ్మలూ సంగీతమూ కలిపి, 32 మెగాబైట్లు. అదే కాలపు ప్లేస్టేషన్ సీడీలో సుమారు 650 మెగాబైట్లు పట్టేవి. కాబట్టి ఇక్కడ ఆర్కెస్ట్రాని కూర్చోబెట్టి పూర్తి పాట రికార్డు చేసే వీల్లేదు, ముక్కలే గతి. ఆ ముక్కలు శాంపిల్ సీడీల్లో దొరికేవి: డ్రమ్ములు, వయొలిన్లు, దేశదేశాల గొంతులు. ఒకసారి డబ్బు కట్టి కొంటే చాలు, రాయల్టీ లేకుండా ఎన్ని పాటల్లోనైనా వాడుకోవచ్చు.

మన భాషలో చెప్పాలంటే అదొక థర్డ్ పార్టీ లైబ్రరీ. డౌన్‌లోడ్ చేశాం, లింక్ చేశాం, బిల్డ్ పాసయ్యింది. లోపల ఏముందో ఎవడు చదివాడు?

అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఒక మనిషి తన నమ్మకంతో, తన భాషలో ఒక ప్రార్థన పాడాడు. సీడీలోకి ఎక్కేసరికి అది "అరబిక్ గొంతు" అనే ముడిసరుకయ్యింది. పాడిన మనిషి పేరు ఊడిపోయింది, మాటల అర్థం ఊడిపోయింది, చివరికి మిగిలింది 'మిస్టీరియస్ గా ఉంది' అనే ఒక్క గుణం. ఆ గుణం కోసమే దాన్ని లావా గుహలో పెట్టారు. కోండో గారి ఉద్దేశంలో దోషం ఉందని నేననుకోను. ఆ మెటాడేటా ఆయన దాకా వచ్చే దారే లేదు.

ఇది ఒక్క నింటెండో కథే కాదు. మైక్రోసాఫ్ట్ 2002లో ఎక్స్‌బాక్స్ కోసం 'కకుటో చోజిన్' అనే ఫైటింగ్ గేము తెచ్చింది. దాని నేపథ్య సంగీతంలో ఖురాన్ పంక్తులున్నాయని తెలిశాక 2003లో మార్కెట్లోంచే వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. అలాగని ఇది ఇస్లాంకి మాత్రమే జరిగేదనుకోకండి. 1999లో స్టాన్లీ కూబ్రిక్ 'ఐస్ వైడ్ షట్' సినిమాలో ఒక శృంగార ఘట్టానికి నేపథ్యంగా భగవద్గీత శ్లోకం వినిపించింది. అమెరికాలోని హిందువులు అభ్యంతరం చెప్పారు, బ్రిటన్ విడుదలకి ఆ శ్లోకం మార్చేశారు. మన శ్లోకం అక్కడ వింటే మనకెలా ఉంటుందో, ప్రార్థన మాటలు లావా గుహలో వింటే వాళ్ళలో కొందరికి అలాగే ఉంటుంది. ఈ ఒక్క పోలిక చాలు, లెక్చరు అక్కర్లేదు.

అయితే తీసెయ్యడమే ఎప్పుడూ సరైన జవాబా? 2008లో సోనీ 'లిటిల్ బిగ్ ప్లానెట్' గేముని విడుదలకి ముందు ఆపి, డిస్కులు వెనక్కి తెప్పించింది. కారణం, అందులోని ఒక పాటలో రెండు ఖురాన్ వాక్యాలున్నాయని ఒక ఆటగాడు రాయడం. కానీ ఆ పాట ఏ శాంపిల్ సీడీలోదో కాదు. మాలీ దేశపు కోరా విద్వాంసుడు తూమానీ దియబాతే పాట, లైసెన్సు తీసుకుని వాడినది. ఆయన స్వయంగా ముస్లిం. తమ సంప్రదాయంలో పాటల్లో అలాంటి వాక్యాలు రావడం మామూలేనని ఆయన చెప్పాడు కూడా. అయినా గాత్రం తీసేసి, వాద్యం మాత్రం ఉంచి విడుదల చేశారు. ఆయన 2024లో చనిపోయాడు.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. దియబాతే విషయంలో అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. జవాబు చెప్పాడు. ఆ జవాబు పట్టించుకున్నారా లేదా అన్నది వేరే సంగతి, కనీసం వాదించుకోవడానికి ఒక ఆధారం ఉంది. ఫైర్ టెంపుల్ విషయంలో అది కూడా లేదు. గేములో ఆ గాయకుడి పేరు లేదు. వాడుకున్నప్పుడూ అతన్ని అడగలేదు, తీసేసినప్పుడూ అడగలేదు. క్రెడిట్స్ ఇవ్వడం అంటే మర్యాద కోసం చేసే పని అనుకుంటాం. అది రేపు ఏదైనా తేడా వస్తే ఎవర్ని అడగాలో రాసిపెట్టుకునే పని కూడా.

ఇంకో మాట. ఇదంతా తేల్చింది ప్రొఫెసర్లు కాదు, జీతం లేని అభిమానులు. పాత కార్ట్రిడ్జిల్లోని డేటా కాపీ చేసుకుని, బైట్లు పోల్చి చూసి, సీడీలు వెతికి విని పట్టుకున్నారు. ఆ ఓపికతోనే 2021లో ఈ గేము మొత్తాన్ని డీకంపైల్ చేసి, మళ్ళీ అదే బైనరీ వచ్చేలా సి భాషలో కోడు రాశారు. వాళ్ళ పుణ్యాన ఆ మూడు తేదీలూ ఎవరైనా చూసుకోవచ్చు. పుకారుని నమ్మినవాళ్ళు ఎంతమందో నాకు తెలీదు గానీ, దాన్ని పడగొట్టడానికి ఒక్క లైను సరిపోయింది: 98-11-12.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా... ఈసారి "ఫలానావాళ్ళు గొడవ చేస్తే తీసేశారట" అని మెసేజి వస్తే, ఫార్వర్డ్ నొక్కేముందు బిల్డ్ తేదీ ఒకసారి చూడండి. అలాగే మీ ప్రాజెక్టులో ఆ లైసెన్స్ ఫైలుంటుంది చూడండి, ఎవరూ తెరవనిది. దాన్ని కూడా ఒకసారి తెరవండి. అందులో ఎవరిదో ఒక పేరుంటుంది.