నమూనా కార్లపై లోహపు పూత

నిజమైన కారును నిర్ణీత నిష్పత్తిలో కుదించిన నమూనాపై అల్యూమినియం, క్రోమియం వంటి లోహాల మెరుపును రంగుతో సాధించడాన్ని లోహపు పూత అంటారు. 1:24 నమూనాపై అసలు కారు రంగునే చల్లితే, అందులోని లోహపు రేణువులు నిష్పత్తిలో 24 రెట్లు పెద్దవిగా కనిపించి పూత గరుకుగా తోస్తుంది కనుక, మరింత మెత్తని రేణువులున్న రంగును ఎంచుకోవాలి.

క్రోమ్ పని ఇంతకంటే సున్నితమైనది. నిగనిగలాడే నల్లరంగును అడుగుపూతగా వేసి, అది పూర్తిగా ఆరాక, గాలి ఒత్తిడితో రంగును సన్నని తుంపరగా చల్లే ఎయిర్‌బ్రష్‌తో క్రోమ్ రంగును పలుచని పొరలుగా చల్లుతారు; అడుగుపూతలో దుమ్ముకణం ఒక్కటి చిక్కినా పైన మచ్చగా తేలుతుంది, పొర మందమైతే నలుపు ఇచ్చే లోతు పోయి మామూలు వెండిరంగే మిగులుతుంది. రక్షణకని వేసే వార్నిష్ కూడా చాలా క్రోమ్ రంగుల తళుకును తగ్గిస్తుంది. 2014 వరకు తయారైన అంబాసిడర్ వంటి కార్ల నమూనాలలో కిటికీల చుట్టూ ఉండే సన్నని పట్టీలకు మాత్రం రంగుకన్నా, జిగురున్న పలుచని లోహపు రేకును అతికించి, పుల్లతో రుద్ది, అంచులను బ్లేడుతో కోయడమే మేలు.

నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి ప్రాంతాలలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు తుంపర నమూనాను తాకకముందే ఆరి పొడిగా పడుతుంది గనుక, అక్కడ తెల్లవారుజామున, నిదానంగా ఆరే థిన్నర్‌ను కలిపి చల్లడం ఉత్తమం.