మాటా, ఆలోచనా: వైగోత్‌స్కీ మిగిల్చిన ప్రశ్నలు

మాటలతో బతికేవాళ్లం మనం. కథకుడికైనా కవికైనా మాటే పనిముట్టు. ఆ పనిముట్టు మనిషికి పుట్టుకతో వస్తుందా, సమాజం చేతికిస్తుందా అన్నది మనస్తత్వ శాస్త్రజ్ఞులు తేల్చుకోవలసిన సంగతి అని ఊరుకోవడానికి వీల్లేదు. మనిషి చైతన్యం సమాజం నుంచే పుడుతుందని మన వ్యాసాల్లో తరచు రాస్తుంటాం. ఏ వయసులో, ఏ దారిన, ఏ సాధనంతో పుడుతుంది అని ఎవరైనా నిలదీస్తే మాత్రం తడుముకుంటాం. ఆ దారిని వెతికినవాడు లెవ్ సెమ్యోనొవిచ్ వైగోత్‌స్కీ. ఆయన పరిశోధన చరిత్రలో అభ్యుదయవాదులు గర్వించదగిన భాగం ఉంది. తల వంచుకుని ఆలోచించవలసిన భాగమూ ఉంది. రెండోది దాచి మొదటిది చెబితే అది చరిత్ర కాదు, పొగడ్త.

వైగోత్‌స్కీ 1896లో బెలారుస్‌లోని ఓర్షాలో పుట్టి గోమెల్ పట్టణంలో పెరిగాడు. మాస్కోలో న్యాయశాస్త్రం చదివాడు. కాని మనసంతా సాహిత్యం మీదే. 1916లో, ఇరవై ఏళ్లు నిండేనాటికి, హామ్లెట్ మీద విమర్శ రాశాడు. విప్లవం వచ్చిన ఏటనే చదువు ముగించి గోమెల్‌కు తిరిగివచ్చి బడిలో సాహిత్యం బోధించాడు, ఉపాధ్యాయ శిక్షణాలయంలో పాఠాలు చెప్పాడు. 1924లో పెట్రోగ్రాడ్‌లో జరిగిన మనస్తత్వ శాస్త్ర మహాసభలో ఆయన చేసిన ప్రసంగం విని మాస్కో మనస్తత్వ శాస్త్ర సంస్థవారు పిలిపించుకున్నారు. మరుసటి ఏడు పూర్తిచేసిన సిద్ధాంత గ్రంథం కళా మనస్తత్వాన్ని గురించినదే. క్రిలోవ్ నీతికథలూ, బూనిన్ కథా, హామ్లెట్ నాటకమూ అందులో పరిశీలనకు వచ్చాయి. అది 1965 దాకా అచ్చుకు నోచుకోలేదు. సాహిత్యం చెప్పే పంతులు పిల్లల మనసును శోధించే శాస్త్రజ్ఞుడుగా మారిన ఈ క్రమాన్ని మనం ప్రత్యేకంగా గమనించాలి. ఆయన మాటను ముందు కవిత్వంలో చూశాడు, ఆ తరవాతే ప్రయోగశాలలో చూశాడు.

అదే 1896లో స్విట్జర్లండ్‌లో పుట్టిన జాన్ పియాజే అప్పటికే పేరు తెచ్చుకున్నాడు. పిల్లల భాషా ఆలోచనా గురించి ఆయన మొదటి పుస్తకం 1923లో వెలువడింది. జెనీవాలో ఒక పిల్లల బడిలో ఆరేళ్ల వయసు పిల్లలు ఇద్దరు ఏం మాట్లాడుతున్నారో దాదాపు నెల రోజులు పొల్లు పోకుండా రాయించాడు. వాళ్ల మాటల్లో సగానికి కాస్త తక్కువ భాగం ఎవరినీ ఉద్దేశించినవి కావని తేలింది. పిల్లవాడు తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. ఎదుటివాడు వింటున్నాడా లేదా అన్న చింత లేదు. దీన్ని ఆయన అహంకేంద్రిత భాషణ అన్నాడు. పసివాడు మొదట తన లోకంలోనే ఉంటాడు, క్రమంగా సమాజం అతన్ని బయటికి లాగుతుంది, అప్పుడు ఈ గొణుగుడు ఎండి రాలిపోతుంది అన్నది ఆయన అప్పటి భావన. అంటే వ్యక్తి ముందు, సమాజం తరవాత.

ఈ పుస్తకం 1932లో రష్యన్‌లోకి వచ్చినప్పుడు దానికి ముందుమాట రాసింది వైగోత్‌స్కీయే. పియాజే శ్రమను మనసారా మెచ్చుకున్నాడు. ఆయన నిర్ణయాన్ని మాత్రం తలకిందులు చేశాడు. వాదంతో కాదు, ప్రయోగంతో. బొమ్మ వేసుకుంటున్న పిల్లవాడికి సరిగ్గా కావలసిన రంగు పెన్సిల్ అందకుండా చేస్తే ఏమవుతుంది? తనలో తాను మాట్లాడుకోవడం దాదాపు రెట్టింపు అయింది. అయిదున్నరేళ్ల కుర్రవాడొకడు ట్రాంబండి బొమ్మకు చక్రం గీస్తుంటే పెన్సిల్ ముక్కు విరిగింది. విరిగిందని తనలో తాను అనుకున్నాడు. పెన్సిల్ పక్కన పెట్టి నీటిరంగులు తీసుకుని, ప్రమాదంలో విరిగి మరమ్మతుకు వచ్చిన ట్రాంబండిని వేశాడు. ఎవరికీ చెప్పని ఆ ఒక్క మాట బొమ్మ కథనే మార్చేసింది. అది వట్టి గొణుగుడు ఎలా అవుతుంది? అది ఆలోచన. పైకి వినిపిస్తున్న ఆలోచన.

ఇంకొకటి. అదే పిల్లవాణ్ణి చెవిటి మూగ పిల్లల మధ్యనో, తన భాష రాని పిల్లల మధ్యనో కూర్చోబెడితే తనలో తాను మాట్లాడుకోవడం బాగా తగ్గిపోయింది. పుట్టుకతో వచ్చిన ఒంటరితనం వల్ల పుట్టిన మాటే అయితే, ఒంటరితనం పెరిగినప్పుడు అదీ పెరగాలి కదా. కాబట్టి దాని మూలం తోటివాళ్లతో మాట్లాడే మాటలోనే ఉందని వైగోత్‌స్కీ తేల్చాడు. తల్లి బిడ్డతో, అన్న తమ్ముడితో మాట్లాడిన మాటే మొదటిది. దాన్ని పిల్లవాడు తనకు తాను చెప్పుకోవడం రెండోది. పెదవి కదలకుండా లోపలికి ఇంకిపోవడం మూడోది. పియాజే చెప్పినట్టు అది రాలిపోవడం లేదు, వేరుగా మారి లోపలికి దిగుతున్నది. సమాజం ముందు, వ్యక్తి తరవాత. 1962లో పియాజే ఈ విమర్శకు సమాధానం రాస్తూ, ఇన్నేళ్లూ దీన్ని చూడలేకపోయినందుకు విచారం వెలిబుచ్చాడు. కొన్ని విషయాల్లో అంగీకరించాడు, కొన్నింటిలో తన మాట మీదే నిలబడ్డాడు.

లోపలికి దిగిన ఈ మాటకు తనదైన వ్యాకరణం ఉంటుంది. కర్త లుప్తమవుతుంది, క్రియ మిగులుతుంది. దీన్ని నిరూపించడానికి వైగోత్‌స్కీ ప్రయోగశాల లెక్కలతో సరిపెట్టలేదు. తోల్‌స్తోయ్ నవలలో లేవిన్, కిటీ మాటల మొదటి అక్షరాలతోనే మనసు విప్పుకున్న ఘట్టాన్ని తెచ్చాడు. తాగి ఉన్న ఆరుగురు పనివాళ్లు ఒకే బూతుమాటతో ఆరు రకాల భావాలు చెప్పుకోవడాన్ని దొస్తయేవ్‌స్కీ దినచర్య నుంచి తీసుకున్నాడు. నటుడు పలికే వాక్యం కింద నడిచే అర్థాన్ని స్తానిస్లావ్‌స్కీ దగ్గర నేర్చుకున్నాడు. చైతన్య స్రవంతి అనే శిల్పాన్ని బూర్జువా వ్యక్తివాదమని మన విమర్శ ఒకప్పుడు ఒక్కమాటలో కొట్టిపారేసింది. మనిషి అంతరంగ భాషణ సమాజం ఇచ్చిన మాటే అయినప్పుడు, దాన్ని రాయడం సమాజానికి దూరమవడం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు మనం ఇంకా బాకీ ఉన్నాం.

ఇక బడి సంగతి. పిల్లవాడి తెలివిని పరీక్షలతో కొలిచి సంఖ్య ఇచ్చే పద్ధతి అప్పటికి ఐరోపా, అమెరికాలనుంచి సోవియట్ బడుల్లోకీ వచ్చింది. వైగోత్‌స్కీ అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది. ఇద్దరు పిల్లలకూ ఎనిమిదేళ్ల మానసిక వయసు అని పరీక్ష చెప్పింది. కాస్త దారి చూపితే ఒకడు పన్నెండేళ్లవాడి లెక్క చేయగలిగాడు, రెండోవాడు తొమ్మిదేళ్లవాడి దగ్గర ఆగాడు. వీళ్లిద్దరూ సమానమేనా? పండిన పంటను మాత్రమే కొలిచి, పూతా పిందే లెక్కలోకి తీసుకోని తోటమాలి ఎలాంటివాడు? తనంత తాను చేయగలిగిన దానికీ, తోడుంటే చేయగలిగిన దానికీ మధ్య ఉన్న ఆ జాగానే ఆయన సమీప వికాస మండలం అన్నాడు. బోధన జరగవలసిన చోటు అదే. ఎదుగుదల వచ్చేదాకా ఆగి నేర్పడం కాదు, నేర్పడం ద్వారా ఎదుగుదలను ముందుకు నడపడం.

1934 జూన్‌లో, ముప్ఫయి ఏడేళ్ల వయసులో, క్షయ ఆయన్ని తీసుకుపోయింది. మాటా ఆలోచనా గ్రంథం ఆ ఏడే, ఆయన పోయాక అచ్చయింది. అందులో చివరి అధ్యాయానికి ముఖవాక్యంగా పెట్టుకున్నది మందెల్‌స్తామ్ కవిత. ఆ కవి అదే ఏడు మే నెలలో అరెస్టయ్యాడు, 1938లో నిర్బంధ శిబిరంలో మరణించాడు. 1936 జూలై 4న కమ్యూనిస్టు పార్టీ కేంద్ర సంఘం పెడాలజీ అనే బాలల శాస్త్రాన్ని వికృతిగా ప్రకటించి బడులనుంచి తొలగించింది. న్యాయంగా చెప్పాలంటే, ఆ తీర్మానంలో నిజమైన ఫిర్యాదు ఒకటి ఉంది. పరీక్షల పేరు చెప్పి మామూలు పిల్లల్ని ఎందరినో వెనకబడినవాళ్లని ముద్రవేసి ప్రత్యేక పాఠశాలలకు తోశారు. కాని తప్పు చేసిన కొలబద్దతోబాటు, ఆ కొలబద్దను విమర్శించినవాడి పుస్తకాలూ మూలపడ్డాయి. 1956 వరకూ వైగోత్‌స్కీ గ్రంథాలు అక్కడ మళ్లీ అచ్చుకాలేదు. శాస్త్రీయ విమర్శ చేయవలసిన పని ఉత్తర్వు చేస్తే, తాలుతోబాటు గింజా పోతుంది.

ఆయన సహచరుడు లూరియా 1931, 1932 సంవత్సరాల్లో ఉజ్బెకిస్తాన్, కిర్గీజియా పల్లెలకు వెళ్లాడు. సామూహిక వ్యవసాయం, అక్షరాస్యత వచ్చిపడుతున్న ఆ కాలంలో మనుషుల ఆలోచనా పద్ధతి ఎలా మారుతుందో చూడాలన్నది లక్ష్యం. మంచు కురిసే ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లనివే, ఫలానా చోటు ఉత్తరాన ఉంది, అక్కడి ఎలుగుబంట్ల రంగేమిటి అని అడిగితే, చదువురాని రైతు తాను చూడని చోటు గురించి చెప్పలేనన్నాడు. సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ – వీటిలో ఏది వేరు అంటే, దుంగ లేకపోతే మిగతావాటితో పనేమిటన్నాడు. కొద్దికాలం బడికి వెళ్లినవాళ్లు పుస్తక తర్కంతో జవాబిచ్చారు. ఈ పరిశోధన రైతుల్ని కించపరుస్తున్నదని ఆనాడు విమర్శకు గురయింది. పూర్తి గ్రంథం 1974లో గాని వెలువడలేదు.

ఆ రైతుది తెలివితక్కువతనమా? కానే కాదు. కళ్లతో చూడనిది చెప్పకూడదన్నది అతని నీతి. ఆ ప్రశ్న బడి భాషలో ఉంది, అతను పొలం భాషలో జవాబు చెప్పాడు. 1970లలో లైబీరియాలో వాయి ప్రజల మధ్య స్క్రిబ్నర్, కోల్ చేసిన పరిశోధన దీన్ని మరింత స్పష్టం చేసింది. వాయి లిపిని ఇంటిపట్టున నేర్చుకుని ఉత్తరాలూ లెక్కలూ రాసుకునేవాళ్లున్నారు. అక్షరం వచ్చినంత మాత్రాన వాళ్లు ఇలాంటి పరీక్షల్లో బడిచదువువాళ్లలాగా జవాబివ్వలేదు. బడి నేర్పేది ఒక ప్రత్యేకమైన మాట్లాడే తీరు. దాన్నే తెలివి అని పేరుపెట్టి మిగతావాళ్లని కొలవడం శాస్త్రం కాదు, పెత్తనం.

లూరియా మధ్య ఆసియాకు బయలుదేరిన 1931లోనే మద్రాసులో గిడుగు రామమూర్తి పంతులు గారి సవర భాషా వ్యాకరణ గ్రంథం వెలువడింది. ఇద్దరికీ పరిచయం లేదు, ఒకరిని ఒకరు చదివినదీ లేదు. కాని పంతులుగారు సవర పిల్లలకు చదువు చెప్పబోయే ముందు వాళ్ల భాష తాను నేర్చుకున్నారు. అందులోనే పాఠాలు తయారుచేశారు. పిల్లవాడి ఆలోచన ఏ మాటలో నడుస్తున్నదో ఆ మాటలోనే తోడు వెళ్లాలన్న సత్యాన్ని ఆయన ఆచరణలో పట్టుకున్నారు.

ఇంట్లో కోయలోనో, గోండిలోనో, లంబాడీలోనో, మన పల్లె తెలుగులోనో పెరిగిన పిల్లవాడు తరగతిలో నోరు మెదపకపోతే, వాణ్ణి మొద్దు అనేముందు ఏ భాషలో అడిగామో చూసుకోవాలి. రచయితకూ ఇదే వర్తిస్తుంది. పిల్లల కోసం రాసే కథల్లో మన నీతిని వాళ్ల నోట పలికిస్తున్నాం. నిరక్షరాస్యుల పాత్రలకు మన తర్కాన్ని అరువిస్తున్నాం. లోపలి మాటను వినే ఓపిక లేకుండా బయటి మాటను ఎంత బిగ్గరగా రాసినా, అందులో మనిషి ఉండడు.