అస్థిపంజరం: ఎముకలు, కీళ్లు

పెద్దవారి ఒంట్లో సాధారణంగా 206 ఎముకలుంటాయి. పుట్టిన బిడ్డకు అంతకంటే ఎక్కువే. ఎదిగేకొద్దీ కొన్ని అతుక్కుంటాయి.

కీళ్ల పాఠానికి ఆర్మూర్ పసుపు బస్తాలకు మించిన బడి లేదు. హమాలీ వంగితే తుంటిలో బంతి గిన్నె కీలు, మోకాలిలో మడత బందు కీలు కదులుతాయి. బస్తా వీపుకెక్కగానే ఎక్కువ భారం మోసేవి ఐదు నడుము పూసలు. వాటి మధ్య మెత్తటి డిస్కులు ఒత్తిడిని పంచుకుంటాయి. పసుపు కొమ్మును విరిచి చూసే చేతిలో బొటనవేలి మొదట్లో ఉన్నది జీను కీలు. ధర నచ్చక తల అడ్డంగా ఊపితే, తిరిగేది మెడలోని మొదటి రెండు పూసల మధ్య బొంగరపు కీలు.

కీళ్లను ఇలా కదలికలో చూడొచ్చు గానీ, 2013లో మొదలైన నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాల వంటిచోట విద్యార్థులు ఎముకను చేత్తో పట్టుకుని చదవాలి. తొడ ఎముక గుండ్రటి తల లోపలివైపుకు, గరుకు గీత వెనక్కి ఉండేలా పట్టుకుంటే అది కుడిదో ఎడమదో తెలిసిపోతుంది.