అర్ధరాత్రి నడిచే స్క్రిప్టు.. దాని పాస్‌వర్డ్ ఎక్కడ దాచాలి?

రాత్రి రెండు గంటలకు క్రాన్ నడిపే డేటాబేస్ బ్యాకప్ పాస్‌వర్డ్ అడిగితే, టైప్ చేయడానికి అక్కడ మనిషి ఉండడు. అందుకే చాలాచోట్ల పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులోనే, కమాండ్ పక్కనే రాసేస్తుంటారు. పని జరిగిపోతుంది. కానీ లినక్స్‌లో ప్రత్యేకంగా అడ్డుకట్ట వేయకపోతే, అదే సర్వర్‌లో ఖాతా ఉన్న ఎవరైనా 'పీఎస్' కమాండ్‌తో ఇతరుల కమాండ్లను పూర్తిగా చూడొచ్చు. స్క్రిప్టును గిట్‌లో పెడితే, ఆ లైన్‌ను తర్వాత తీసేసినా పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. అప్పుడు పాస్‌వర్డ్ మార్చడం తప్ప దారి లేదు.

కమాండ్ లైన్‌లో పాస్‌వర్డ్ ఇస్తే మైఎస్‌క్యూఎల్ 5.6 వెర్షన్ నుంచి హెచ్చరిక చూపిస్తోంది. ఆ హెచ్చరిక కనపడకుండా చేసి ఊరుకునేవారే ఎక్కువ. జ్వరం తగ్గించకుండా థర్మామీటర్ దాచిపెట్టినట్లే ఇది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టడమూ మేలైన మార్గం కాదు. పోస్ట్‌గ్రెస్ 'పీజీపాస్‌వర్డ్'నూ, మైఎస్‌క్యూఎల్ 'మైఎస్‌క్యూఎల్_పీడబ్ల్యూడీ'నీ వాడొద్దనే వాటి అధికారిక మాన్యువళ్లు చెబుతున్నాయి.

పోస్ట్‌గ్రెస్‌లో దీనికి '.పీజీపాస్' అనే ఫైల్ ఉంది. ఒక్కో లైన్‌లో హోస్ట్, పోర్ట్, డేటాబేస్, యూజర్, పాస్‌వర్డ్.. ఈ ఐదింటినీ కోలన్లతో విడదీసి రాయాలి. పాస్‌వర్డ్‌లోనే కోలన్ ఉంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. మొదట సరిపోలిన లైన్‌నే తీసుకుంటుంది కాబట్టి, నక్షత్రం గుర్తుతో రాసిన సాధారణ లైన్లు కింద ఉండాలి. లినక్స్‌లో ఫైల్ అనుమతి 0600 కంటే వదులుగా ఉంటే హెచ్చరించి, ఫైల్‌ను పక్కన పెట్టేస్తుంది. మైఎస్‌క్యూఎల్ '.మై.సీఎన్‌ఎఫ్' విషయంలో ఇంత పట్టుదల లేదు. అందరూ చదవగలిగేలా ఉన్నా కిమ్మనకుండా వాడేస్తుంది. 0600 పెట్టే బాధ్యత మనదే.

పగలు చేత్తో నడిపితే పనిచేసిన స్క్రిప్టు రాత్రి క్రాన్‌లో ఆగిపోతే, ముందు చూడాల్సింది యూజర్‌నే. ఫైల్ ఒకరి హోమ్ డైరెక్టరీలో ఉంటుంది, క్రాన్ మరొకరి పేరుతో నడుస్తుంది. ఫైల్‌లో 'లోకల్‌హోస్ట్' అని ఉండి స్క్రిప్టులో 127.0.0.1 అని రాసినా సరిపోలదు. స్క్రిప్టుకు 'నో-పాస్‌వర్డ్' ఆప్షన్ ఇస్తే, పాస్‌వర్డ్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా వెంటనే విఫలమవుతుంది. లాగ్‌లో కారణం తెలుస్తుంది.

మైఎస్‌క్యూఎల్ 'కాన్ఫిగ్ ఎడిటర్' తయారుచేసే '.మైలాగిన్.సీఎన్‌ఎఫ్'ను చాలామంది ఎన్‌క్రిప్షన్ అనుకుంటారు. అది అక్షరాలను కప్పిపెట్టడం మాత్రమే. ఫైల్ చేతికి చిక్కితే విప్పడం కష్టం కాదు. ఒరాకిల్‌లోనైతే వ్యాలెట్‌లో వివరాలు దాచి, పాస్‌వర్డ్ రాయకుండానే కనెక్ట్ కావచ్చు.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రతా జాగ్రత్తలు తీసుకోని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా నిబంధన ఉంది. కస్టమర్ల వివరాలున్న డేటాబేస్‌కు స్క్రిప్టులో రాసిన పాస్‌వర్డ్‌ను జాగ్రత్త అని వాదించడం కష్టమే. బ్యాకప్ ఖాతాకు చదివే హక్కు మాత్రమే ఇస్తే నష్టం కొంత తగ్గుతుంది. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి ఇందుకు 'పీజీ_రీడ్_ఆల్_డేటా' అనే రోల్ ఉంది.

స్క్రిప్టు, డేటాబేస్ ఒకే సర్వర్‌లో ఉంటే అసలు పాస్‌వర్డే అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్‌లో 'పీర్', మైఎస్‌క్యూఎల్‌లో 'ఆథ్ సాకెట్' పద్ధతులు లినక్స్ యూజర్ పేరును చూసే లోపలికి పంపిస్తాయి.