దండేకర్ అడిగిన డౌటు

మన మండపేట రైస్ మిల్లుల్లో ధాన్యం కొనేటప్పుడు బస్తాలన్నీ కుమ్మరించి చూడరు. నాలుగైదు బస్తాల్లోంచి గుప్పెడేసి తీసి, ఓ గింజ పంటికింద వేసి, తేమెంతో తాలెంతో అంచనా కడతారు. అలా గుప్పెడు చూసి లోడంతటి సంగతీ చెప్పేటప్పుడు పొరపాటును ఎంతవరకు తగ్గించగలం? ఏ నేర్పరీ దాటలేని హద్దు ఒకటుందా? ఉందని లెక్కకట్టి చూపించినవారు మన తెలుగువారే, కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. లోకానికి సి.ఆర్. రావు.

1920లో నేటి కర్ణాటకలోని హడగలిలో పుట్టారు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు. నాన్నగారిది పోలీసు ఉద్యోగం. బదిలీల వల్ల గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బళ్లన్నీ తిరిగారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. ఫస్టు ర్యాంకు. అయినా ఉద్యోగం లేదు! యుద్ధకాలంలో సైన్యపు సర్వే విభాగం ఇంటర్వ్యూకని కలకత్తా వెళితే అదీ రాలేదు. బస చేసిన చోట కలిసిన ఒకాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి చెప్పారు. 1941లో అందులో చేరారు.

1944లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. వాళ్లకి పాఠం చెబుతున్నారు. నమూనా చాలా పెద్దదైనప్పుడు అంచనాలోని తేడాకు ఫిషర్ చూపిన హద్దు గురించి. దండేకర్ అనే విద్యార్థి, నమూనా చిన్నదైతే ఏమిటని అడిగాడు. మాస్టారి దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని సాధించి, మర్నాడు క్లాసులో చెప్పారు. ఒకవైపుకి మొగ్గని అంచనా పద్ధతి ఏదైనా సరే, ఆ హద్దుకి లోబడాల్సిందే. 1945లో అది కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. స్వీడన్‌లో క్రామర్ విడిగా ఇదే రాబట్టడంతో ‘క్రామర్-రావు హద్దు’ అయింది. అప్పటికి రావుగారికి పిహెచ్.డి. కూడా లేదు, అది 1948లో, కేంబ్రిడ్జిలో, ఆ ఫిషర్ దగ్గరే!

రాడార్‌తో దూరం కొలిచే మా ఇంజనీర్లకి ఈ హద్దే గీటురాయి.

2023లో రావుగారికి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ప్రకటించారు. ఆ ఆగస్టులోనే, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పత్రికలన్నీ పద్మవిభూషణ్ దాకా బిరుదులు ఏకరువు పెట్టాయి. నాకు మాత్రం దండేకర్ మీదికే మనసు పోయింది. తర్వాత ఆయన దేశంలో పేదరికాన్ని లెక్కకట్టిన పెద్ద ఆర్థికవేత్త అయ్యారు.

పదో తరగతిలో సగటు పాఠం చెప్పినప్పుడు నాకూ ఒక డౌటొచ్చింది: అయిదుగురి ఎత్తు కొలిచి క్లాసు సగటు చెబితే ఎంతవరకు నమ్మాలి? పక్కవాళ్లు నవ్వుతారని వెనక బెంచీలో నోరు మెదపలేదు. మా లెక్కల మాస్టారు ఈ జూబిలీకి వస్తున్నారట. నలభై ఏళ్లు ఆలస్యమైతే అయింది, ఈసారి అడిగేస్తాను.