సూతికా రక్షణము: నాడు, నేడు

స్త్రీకి కానుపు మరుజన్మమని పెద్దలమాట. బిడ్డ యేడ్పు వినబడినంతనే గండము గడచినదని ఇంటివారు తలంతురు. కాని తల్లికి అపాయము ఆ గడియతో ముగియదు. కానుపు పిదప 42 దినములును, అందు విశేషించి మొదటి దినమును, అతిజాగ్రత్తతో గడుపవలసినవి. ఆ అపాయమును మానవుడు ఎట్లు తెలిసికొనెనో, ఎట్లు ఎదుర్కొనుచున్నాడో సంగ్రహముగా విన్నవించుచున్నాను.

సుశ్రుతుడు శారీరస్థానమున, ప్రసవవేళ నలుగురు స్త్రీలు పరిచర్య చేయవలెననియు, వారు పెద్దవయసువారును, పనియందు నేర్పరులును, గోళ్ళు తీయించుకొన్నవారును కావలెననియు విధించెను. సూతికకు ధాతువులు క్షీణించియుండుటచే ఆమెకు వచ్చిన రోగము కష్టసాధ్యమో అసాధ్యమో యగునని చరకుడు హెచ్చరించెను. కాలక్రమమున ఈ విధులు మరుగుపడి, గాలిచొరని చీకటిగది, పొగ, గుక్కెడు నీటికి సైతము కట్టడి అను ఆచారములు మిగిలినవి. మంత్రసాని అనుభవశాలినియే, రాత్రులు మేల్కొని ఎందరినో గట్టెక్కించినది. కాని చేతికంటిన మలినము ప్రాణము తీయునని ఆమెకు చెప్పినవారు లేరు.

ఆమెకే కాదు, ఐరోపాలోని మహావైద్యులకును ఆ సంగతి తెలియదు. వియన్నానగరపు ప్రసూతి వైద్యశాలలో రెండు విభాగము లుండెడివి. మంత్రసానులు పనిచేయు దానికంటె వైద్యవిద్యార్థులు పనిచేయు దానిలో సూతికాజ్వర మరణములు మిక్కుటము. విద్యార్థులు శవపరీక్ష చేసిన చేతులతోనే కానుపులు చేయుటయే హేతువని సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు 1847లో గ్రహించి, సున్నముతో చేసిన క్లోరిన్ ద్రావణమున చేతులు కడుగుకొను నియమము పెట్టెను. ఆ యేటి ఏప్రిల్‌లో నూటికి 18 మందికి పైగా మరణించిన ఆ విభాగమున, జూన్‌లో మరణములు నూటికి సుమారు రెండింటికి దిగెను. అయినను తోటివారిలో పెక్కురు నమ్మరైరి. ఆయన 1865లో పిచ్చివారి ఆశ్రమమున కన్నుమూసెను.

మన సీమలో 1883లో గుంటూరునకు వచ్చిన అన్నా కూగ్లరు అను అమెరికా వైద్యురాలు 1898లో అచట స్త్రీల వైద్యశాల నెలకొల్పెను. హైదరాబాదున ఘోషాస్త్రీలకై విక్టోరియా జనానా ఆసుపత్రికి 1906లో శంకుస్థాపన జరిగెను. 1953లో ఆరంభమైన నిలోఫర్ ఆసుపత్రికి, తన పరిచారిక కానుపులో మరణింపగా నిలోఫర్ రాకుమారి పొందిన దుఃఖమే మూలమని ప్రసిద్ధి.

ఈ చరిత్రలో ఆంధ్రుని పాత్రయు కలదు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్స్, ఈస్టునుండి తీసిన సారముతో అది మానునని 1931లో వెల్లడించెను. ఆ మేలుచేయు పదార్థము ఫోలిక్ ఆమ్లము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో 1945 ప్రాంతమున దానిని కృత్రిమముగా తయారుచేసిరి. నేడు ఆరోగ్యకేంద్రములలో ఇచ్చు ఇనుము మాత్రలలో కలిసియున్నది అదియే. రక్తము తక్కువైన తల్లి కొద్దిపాటి స్రావమునకే తాళలేదు గనుక, ఆ మాత్రలను అటకపై దాచుట తగదు.

ఇక గుర్తింపవలసిన లక్షణములు. గంటలోపుననే గుడ్డ పూర్తిగా తడియుట, పెద్ద గడ్డలు పడుట, కన్నులు తిరుగుట రక్తస్రావమునకు చిహ్నములు. "చెడురక్తము పోవుచున్నది, పోనిండు" అనుట ఘోరమైన పొరపాటు. వెంటనే 108కి తెలిపి, ఆలోగా బిడ్డకు పాలు పట్టించి, మూత్రవిసర్జన చేయింపవలెను. స్రావము నాపు ట్రానెక్సామిక్ ఆమ్లపు సూదిమందు కానుపైన మూడుగంటలలోపల ఇచ్చిననే ప్రయోజనకారియని 2017లో ప్రకటింపబడిన పరిశోధనలో తేలినది. చలిజ్వరము, పొత్తికడుపు నొప్పి, దుర్వాసనగల స్రావము సూతికాజ్వర లక్షణములు. దీనికి కషాయములతో కాలయాపన పనికిరాదు.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, పిదప మూర్ఛ: పెద్దలు గుర్రపువాతమన్నది ఇదియే. రక్తపుపోటు కానుపు పిదపను పెరుగవచ్చును. మూర్ఛవచ్చినచో చేతిలో తాళపుచెవులు పెట్టక, నోట నీరు పోయక, ఎడమప్రక్కకు ఒత్తిగిలజేసి ఆసుపత్రికి చేర్పవలెను. అచట మెగ్నీషియం సల్ఫేటు ఇత్తురు. ఒకకాలు వాచి నొప్పిపుట్టుట, ఆయాసము వచ్చుట రక్తము గడ్డకట్టినదనుటకు సూచనలు కావచ్చును. రెండువారములు దాటియు దిగులు తీరకున్నను, బిడ్డపైననో తనప్రాణముపైననో విరక్తి పుట్టినను, అది దయ్యము కాదు, వ్యాధి. ఆమెను నిందింపక, ఒంటరిగా విడువక, వైద్యునికి చూపవలెను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2001–03లో లక్ష సజీవజననములకు 195గా నుండిన మాతృమరణములు, 2018–20 నాటికి తెలంగాణమున 43కు తగ్గినవి. సంతోషమే. కాని లెక్కలు వ్రాయు నావంటివాడు ఎరుగవలసినది, ఆ 43లో ప్రతి అంకెయు ఒక యింటి దీపమని.

నేడు మాదాపురమున మేడలు లేచినవి, వైద్యశాలలు వెలసినవి. ఆ మేడలు కట్టు కూలితల్లికిని, వానిలో పనిచేయుచు పుట్టింటికి దూరమైన చదువరికిని కానుపు పిదప ఆపద ఒక్కటియే. రోగము ముదిరిన పిమ్మట ఆసుపత్రి ఎంత దగ్గరయైన నేమి? ఆలస్యము చేయువారము మనమే. ఈ రజతోత్సవ సంచికను చదివిన సోదరులు ఈ నాలుగుమాటలు చదువరాని ఇల్లాండ్రకు చదివి వినిపింతురుగాక. అపుడే ఈ గ్రంథాలయము వెలిగించిన దీపము పురిటిగది వరకు ప్రసరించును.